ఈ పత్తి యాడికి పోతాది

దసరా వెళ్ళిన వారం ఒక ఉదయం చంద్రమౌళి నిద్రలేచేసరికి కుడిచేతి వేళ్ళు తనవి కానట్టున్నాయి. కదులుతున్నాయి, కాఫీ గ్లాసు ఎత్తుతున్నాయి. కానీ గ్లాసు వేడిగా ఉందో చల్లగా ఉందో చెప్పడం లేదు. కర్నూలులో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, మెదడులో చిన్న రక్తనాళం ఒకటి మూసుకుపోయిందనీ, ప్రాణానికి భయం లేదనీ, స్పర్శ తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేననీ చెప్పాడు.

ఆదోని మార్కెట్ యార్డులో ముప్పై ఏడేళ్ళుగా పత్తి పింజ చూసిన వేళ్ళవి. రాశిలోంచి పిడికెడు పత్తి తీసి, గింజ ఒలిచి, రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య దూదిని లాగి, పోచ పొడవెంతో బలమెంతో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఆయన మాటకు ఎదురు చెప్పేవారు కాదు. ఇప్పుడు ఆయన పత్తి అంగడిని కొడుకు దీపక్ చూసుకుంటున్నాడు. "మీరు రెస్టు తీసుకోండి నాయనా, మిషన్లు వచ్చినాయి కదా" అన్నాడు ప్రేమగానే. ఆ రోజు నుంచి చంద్రమౌళి వసారాలో కుర్చీ వేసుకుని తువ్వాలు అంచు నలుపుతూ కూర్చునేవాడు. పలకరిస్తే ఊఁ అనేవాడు.

ఆయన భార్య అలివేలుమంగకు జాలి వేసింది. జాలితో పాటు ఇంకొకటి కూడా కలిగింది. అది కుతూహలమని ఒప్పుకోవడానికి ఆమెకే కాస్త సిగ్గేసింది. చిన్నప్పుడు బడిలో పంతులమ్మ ఆమె చేయి పైకి లేస్తే చాలు తల పట్టుకునేది, అన్ని ప్రశ్నలు అడిగేది. పెళ్ళయ్యాక అడగడం మానేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు తమ ఇల్లు పత్తి మీదే నడిచింది. ఆ పత్తిలో ఈ మనిషి ఏం చూసేవాడో ఆమెకు తెలియదు.

ఒక మధ్యాహ్నం దీపక్ తెచ్చిన నమూనా పొట్లం విప్పి, పిడికెడు పత్తి పట్టుకుని ఆయన ముందు కూర్చుంది.

"దీంట్లో మీరు ఏం చూస్తాంటిరి?"

"చెప్తే తెలిసేది కాదులే మంగా."

"తెలీకపోతే నష్టమేముంది? చెప్పండి."

"ఇప్పుడెందుకు అవన్నీ?"

"నాకు తెలుసుకోవాలని ఉంది. అంతే."

ఆమె మొహంలో ఓదార్పు లేదు. నిజంగానే జవాబు కోసం చూస్తోంది. చంద్రమౌళి కాసేపు అటూ ఇటూ కదిలి, చెప్పడం మొదలుపెట్టాడు. గింజ నుంచి దూదిని ఎట్లా ఒలవాలో, రెండుగా చీల్చి ఒకదాని మీద ఒకటి ఎట్లా పరచాలో, ఎగుడుదిగుడు కొసలు ఎట్లా రాల్చెయ్యాలో. ఆమె చేతిలో దూది ఉండ కట్టింది. మళ్ళీ తీసింది. మళ్ళీ ఉండ కట్టింది.

"అట్ల పీకొద్దు. పిలుచుకున్నట్టు లాగల్ల."

"కన్యకకు జడ వేసేటప్పుడు చిక్కు తీసినట్టా?"

చంద్రమౌళి ఆగిపోయాడు. కన్యక వాళ్ళ కూతురు, పెళ్ళయి బళ్ళారిలో ఉంటోంది. కూతురి జడ ఎట్లా వేసేవారో ఆయన ఎప్పుడూ చూడలేదు. "అదేమో నాకు తెలీదు, ఏదీ, చూపించు" అన్నాడు. ఆమె తన జడ కొస ముందుకు వేసుకుని పాయలు విడదీసి చూపించింది. "ఆఁ, అదే! కొస నుంచి పైకి" అన్నాడాయన కుర్చీలో ముందుకు జరిగి.

ఆ పూట నుంచి ఇంట్లో మాటలు పెరిగాయి. కూరలో ఉప్పు, పిల్లల చదువు తప్ప ఇన్నేళ్ళూ వేరే మాట ఎరగని మొగుడూ పెళ్ళాలు పోచ పొడవు గురించి వాదించుకున్నారు. ఆయన విసుక్కున్నాడు. ఆమె కూడా విసుక్కుంది. నెల తిరిగేసరికి నల్లగుడ్డ మీద ఆమె పరిచిన దూది పాయ దువ్విన జుట్టులా నిలిచింది.

"నన్ను యార్డుకు పిల్చుకోని పోండి" అంది ఒక సోమవారం.

"మనిళ్ళల్లో ఆడోళ్ళు యార్డుకు రారు."

"వస్తే ఏమవుతుందో చూద్దాం."

వెళ్తే ఏమీ కాలేదు. నలుగురు వింతగా చూశారు, ఒకరిద్దరు నవ్వుకున్నారు, తర్వాత ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. అలివేలుమంగ తెల్లటి రాశుల మధ్య తిరుగుతూ పిడికెడు తీసి లాగి, ఆయన చెవిలో చెప్పింది. రెండింటిలో తప్పింది, మూడింటిలో సరిగ్గా చెప్పింది. ఆరో రాశి దగ్గర ఆగిపోయింది. అందులో ఎండాకు ముక్క లేదు, పుల్ల లేదు, వెంట్రుక లేదు. చేయి లోపలిదాకా పెట్టి తీసినా అంతే.

"ఎవరిదప్పా ఇది?"

"నాదేనమ్మా" అన్నాడు పక్కనున్న రైతు. పేరు యేసేపు. సి.బెళగల్ దగ్గర పల్లె నుంచి ఆటోలో తెచ్చాడు, కౌలు చేను.

"ఏరింది ఎవరు?"

యేసేపు బిత్తరపోయి చంద్రమౌళి వైపు చూశాడు. చంద్రమౌళి కూడా భార్య వైపు చూశాడు. ముప్పై ఏడేళ్ళలో ఆ యార్డులో ఎవరూ ఎవరినీ ఆ మాట అడగగా ఆయన వినలేదు.

"మా ఇంటిదమ్మా. బసమ్మా, ఇట్ల రా, నిన్నే అడుగుతాండారు."

ఆటో వెనక నీళ్ళు తాగుతున్న మనిషి కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఏదో తప్పు జరిగిందనుకున్నట్టుంది, భయంగా చూసింది.

"ఇంత సుబ్బరంగా ఎట్ల ఏరినావు?" అడిగింది అలివేలుమంగ.

"దాంట్లో ఏముందమ్మా? కింది కాయల కాన్నుంచి పైకి ఏరల్ల. అందురూ పైనుంచి ఏరతారు, నడుం వంగే పని లేదని. పైన సెయ్యి పెడితే ఎండాకు రాలి కింద పత్తి మీద పడతాది. తలకు గుడ్డ కట్టుకుంటాను, ఎంటిక పడకుండా."

"నీకు ఎవరు నేర్పించినారు?"

"ఎవురూ లేదు. సెత్త కనపడితే నాకు మనసుకు బాగుండదు, అంతే." బసమ్మకు ధైర్యం వచ్చింది. "నేనొకటి అడుగుదునా అమ్మా? నాకు పన్నెండేండ్లప్పటి నుంచి ఏరతాండాను. ఈ పత్తి యాడికి పోతాది?"

అలివేలుమంగ మొగుడి వైపు తిరిగింది.

"మిల్లుకు పోతుంది. గింజ తీసి బేళ్ళు కడతారు. లారీ ఎక్కిస్తారు" అన్నాడు చంద్రమౌళి.

"ఆడ నుంచి?" అడిగింది బసమ్మ.

"తమిళనాడు దిక్కు, నూలు మిల్లులకు."

"ఆ నూలు?"

చంద్రమౌళి నోరు తెరిచి మూశాడు. అలివేలుమంగకు నవ్వాగలేదు. "ఇన్నేండ్లూ లారీకి టాటా చెప్పి ఇంటికొస్తాంటిరా?" అంది. యేసేపు కూడా నవ్వాడు. చివరికి చంద్రమౌళీ నవ్వాడు. కొంగు అడ్డం పెట్టుకుని ఆమె మొగుడి మొహాన్నే చూసింది, దసరా తర్వాత ఆ నవ్వు చూడడం అదే మొదటిసారి.

ఎమ్మిగనూరులో మగ్గాలున్నాయి, అక్కడైనా అడుగుదామని ముగ్గురూ అనుకున్నారు. ఆదివారం చర్చి అయ్యాక బసమ్మ ఎమ్మిగనూరు బస్టాండుకు వచ్చింది, పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని. ఆదోని నుంచి వీళ్ళిద్దరూ బస్సు దిగారు. దారి అడుగుతూ అడుగుతూ మాదన్న అనే నేతగాడి ఇంటికి చేరారు. గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని తువ్వాళ్ళు నేస్తున్నాడాయన. వచ్చిన పని వినేసరికి, అటూ ఇటూ విసిరే నాడె చేతిలోనే ఉండిపోయింది.

"దీని కోసం బస్సెక్కి వచ్చినారా? నూలు కట్టలు కట్టలుగా వస్తాది. ఏ సేనుదో ఎట్ల సెప్పేది?"

అయినా పొమ్మనలేదు. భార్యను టీ పెట్టమన్నాడు. బసమ్మ మగ్గం పక్కన చతికిలబడి సాగదీసిన నూలు వైపు చూస్తూ కూర్చుంది. ముట్టుకోవచ్చా అని అడిగి, ఒక్కొక్క పోగే వేలితో తడుముతూ పోయింది. ఒకచోట ఆగింది.

"ఈ నల్లది ఏందన్నా?"

"అదా? దాని దుంప తెగ! అది ఉన్నకాడ పోగు తెగుతాది. తెగకుంటే గుడ్డలో గింజ మాదిరి లేస్తాది. దినానికి ముప్పై సార్లు లేసి ముడి ఏస్తాను. మిల్లోళ్ళు సరిగ్గ దువ్వరు, వాళ్ళని తిట్టుకోని దినం ఉండదు."

బసమ్మ గోటితో దాన్ని మెల్లగా తీసి, అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు చూసింది.

"మిల్లోళ్ళని తిట్టొద్దన్నా. ఇది ఎండాకు. ఎవురో పైనుంచి ఏరినారు."

మాదన్న మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. ఆమె అరచేతి మీదికి వంగాడు. ఆవగింజలో సగం కూడా లేదు. "పత్తి ఆకా? ఇరవై ఐదేండ్లుగా నేను తిట్టుకునేది పత్తి ఆకునా?" అన్నాడు. తర్వాత ఆమె చేతుల వైపు చూసి, "నువ్వు ఏరిన పత్తి నూలు నాకు ఎప్పుడన్నా వచ్చింటాదమ్మా. ఒక్కోసారి పొద్దంతా ఒక్క పోగూ తెగదు. ఆ దినం ఇంట్లో అందరితో బాగా మాట్లాడతా" అన్నాడు. టీ తెచ్చిన భార్య "ఔను, అది నిజమే" అంది.

బసమ్మ కళ్ళు తుడుచుకుని టీ అందుకుంది.

చంద్రమౌళి తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. అలివేలుమంగ కిటికీలోంచి చేలు చూస్తూ ఊరుకుంది. వసారా కుర్చీలోని మౌనానికీ ఈ మౌనానికీ తేడా ఆమెకు తెలుసు. సగం దారిలో ఆయనే అన్నాడు.

"నడుమ నేనున్నాను మంగా, ముప్పై ఏడేండ్లు. ఏరే మనిషిని చూడలేదు, నేసే మనిషిని చూడలేదు. నా వేళ్ళు పోతే అంతా పోయిందనుకున్నాను."

"ఇప్పుడు?"

"ఆ పల్లెలో ఆడోళ్ళందరికీ బసమ్మ మాదిరి ఏరడం చెప్పిస్తే? మాదన్న నూలు కూడా చూపిస్తే? పింజ నువ్వు చూస్తావు. మాట్లాడేదానికి నాకు నోరుంది కదా."

దీపక్ మొదట ఒప్పుకోలేదు. ఈ వయసులో ఊళ్ళెంబడి తిరగడమేమిటన్నాడు. మూడు ఆదివారాలు వాళ్ళ కోసం బండి నడిపాక అడ్డు చెప్పడం మానేసి, తనే ఊళ్ళ పేర్లు రాసిపెట్టడం మొదలుపెట్టాడు.

సంక్రాంతి ఇంకా రాకముందే, సి.బెళగల్ పక్క పల్లెలో బసమ్మ ఇంటి ముందు పదిహేను మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. బసమ్మ పత్తి చెట్టొకటి వేళ్ళతో సహా తెచ్చి నిలబెట్టి, కింది కాయ నుంచి ఎట్లా మొదలుపెట్టాలో చూపిస్తోంది. మాదన్న ఇచ్చిన తువ్వాలు చేతులు మారుతోంది. అలివేలుమంగ ఒక పడుచు పక్కన కూర్చుని ఆమె చేత దూది లాగిస్తోంది.

ఉరుకుందమ్మ అనే ముసలామె తువ్వాలు చెంపకు ఆనించుకుని అడిగింది.

"శెట్టీ, గింజ తీసేస్తారంటివే. ఆ గింజలో నూనె తీసినంక మిగిలే చెక్క ఏ బర్రెలు తింటాయి? మా దిక్కు బర్రెలా, వేరే దిక్కు బర్రెలా?"

అందరూ గొల్లున నవ్వారు. చంద్రమౌళి నవ్వలేదు. శ్రద్ధగా ఆలోచించి, "నాకు తెలీదవ్వా" అన్నాడు. "వచ్చే ఆదివారం కనుక్కోని వస్తాను. నువ్వు కూడా వస్తావా?"