కట్టుడు పళ్ళ బొమ్మ

నాకసలే నోటి దురుసెక్కువ. ఆ రోజు బొమ్మల క్లాసులో పిల్లల బల్లల మీది సరుకు చూడగానే ఒళ్ళు మండిపోయింది. "ఇంట్లో మీకు బాగా కావలసినవాళ్ళు రోజూ వాడే వస్తువు తెండర్రా" అంటే ఒకడు కొత్త కప్పు తెచ్చాడు, ధర చీటీ కూడా పీకలేదు. ఇంకో పిల్ల దువ్వెన్ని తళతళా తోమి మరీ పట్టుకొచ్చింది.

"స్టిల్ లైఫ్ అంటే ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి గీయడం. వీటికేమైనా పెళ్ళిచూపులా, ఇంత సోకు చేసి తెచ్చారు?" అని కసిరాను.

అప్పుడు సగంబొమ్మ అనే పిల్ల చేతిరుమాలు విప్పింది. లోపల కట్టుడు పళ్ళు! క్లాసంతా గొల్లుమంది. పక్కపిల్ల "ఛీ ఛీ" అంటూ బెంచీ చివరికి జరిగింది.

సగంబొమ్మ అని పేరు పెట్టింది పిల్లలే. లైబ్రరీ గదిలో సెలవు రోజుల్లో నేను చెప్పే ఈ క్లాసుకి మొదటినుంచీ వస్తోంది, ఒక్క బొమ్మా పూర్తి చెయ్యలేదు. చెయ్యి బంగారం. కానీ సగంలో ఉండగానే ఇంటినుంచి పిలుపొస్తుంది, తమ్ముడు ఏడుస్తున్నాడనో, బట్టలు ఆరెయ్యాలనో. లేచి వెళ్ళిపోతుంది. ఆ సాయంత్రం అందరూ చూడ్డానికి గోడకి తగిలించేది పూర్తయిన బొమ్మలనే. వాటిలో ఈ పిల్లది ఉండి తీరాలని నేను పట్టుబట్టి కూర్చున్నాను.

"ఎవరివే ఇవి?"

"మా నానమ్మవి టీచర్."

"అడిగి తెచ్చావా?"

"అడిగితే ఇస్తుందా?"

కొంప ముంచిందిరా దేవుడా అనుకున్నాను. అయినా పళ్ళని నీలం గుడ్డ మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీత గీశాను. గీత పడ్డాక బొమ్మ అయ్యేదాకా ఆ వస్తువుని ఎవరూ కదపకూడదు. కదిపితే నీడ మారిపోతుంది.

పై వరస అయ్యి కింది వరస మొదలెట్టిందో లేదో, తలుపు దబ్బున తెరుచుకుంది. నానమ్మగారు! అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఇంటికి చుట్టాలొచ్చారే! నోరు విప్పలేక చస్తున్నాను. తే నా పళ్ళు!"

నేను లేచి బల్లకి అడ్డంగా నిలబడ్డాను. "బొమ్మ అయ్యేదాకా వాటిని ముట్టుకోకండమ్మా."

"నా పళ్ళకి నువ్వెవరమ్మా కాపలా?"

నేను బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

"ఇవ్వను నానమ్మా," తలెత్తకుండానే అంది సగంబొమ్మ. "అరిగినవైపు వేస్తున్నాను."

ఆవిడ మనవరాలి భుజం మీంచి కాగితంలోకి వంగి చూసింది. "ఎడంవైపు అరిగాయని నీకెవరు చెప్పారే?"

"నువ్వు అటే నములుతావుగా. కుడివైపు గుచ్చుకుంటాయి. ఎవరికీ చెప్పవు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంతలో ఆవిడ ఫోను మోగింది. "ఎక్కడికెళ్ళావమ్మా? చుట్టాలు అడుగుతున్నారు. దాన్ని కూడా లాక్కురా, టీలు అందించాలి!" కొడుకు కేకలు గదంతా వినిపించాయి. పిల్ల పెన్సిలు కింద పెట్టి లేవబోయింది.

ఆవిడ నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసేసింది. ఆ చేత్తోనే పిల్ల భుజం నొక్కి కూర్చోబెట్టింది. బోసినోరు అందరికీ కనబడుతోంది.

"అది రాదురా," అంది ఫోన్లో, గట్టిగా. "బొమ్మ వేసుకుంటోంది. టీలు నువ్వే ఇయ్యి."