ఉప్పుమడి ఫ్లాస్కు

…ఆగమ్మా ఝాన్సీ, ఆ ముక్క కొట్టెయ్. ఈ తాత చెబుతున్నట్టు రాయకు. నా సంగతి నేనే చెప్పుకుంటే గొప్పలకు పోతాను. గూట్లో ఉన్న ఆ ఫ్లాస్కు చెబుతున్నట్టు రాయి. మెల్లగానే చెబుతాలే.

నేను ఒక ఫ్లాస్కును. పైన ఎర్ర రేకు ఒళ్లు, లోపల అద్దం కడుపు. ఎక్కడ పుట్టానో అడుగున రాసి ఉండేది గాని, తవిటమ్మ బూడిద పెట్టి తోమీ తోమీ దాన్ని చెరిపేసింది. మొదట రైల్వే స్టేషన్లో టీ అమ్మే మనిషి చేతిలో తిరిగాను. అతను ఆ పని మానేస్తూ నన్ను తవిటమ్మ మొగుడు దాలయ్యకు ఇచ్చేశాడు. దాలయ్యది ఉప్పుమడుల్లో పని. నాకొచ్చిన విద్య ఒక్కటే, పోసింది పోసినట్టు ఉంచడం. మనుషులకు అది చేతకాదు. నిన్న వేడిగా ఉన్నవాళ్లు ఇవాళ చల్లబడిపోతారు.

దాలయ్య, అతని తమ్ముడు గురువులు ఒకే మడిలో ఉప్పు లాగేవారు. నా మూతలోనే ఒకరి తర్వాత ఒకరు టీ తాగేవారు. పైన ఎండ, కింద ఉప్పు మెరుపు. నెత్తికి తువ్వాలు చుట్టుకునేవారు, మరి కళ్లకేం చుట్టుకుంటారు? అక్కడ అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి. కంట్లో కండ పెరిగితే ఉప్పు కండ అనేవారు. అది లేని కొత్తవాడు కనిపిస్తే, వీడింకా మడి ఉప్పు తినలేదని నవ్వేవారు.

అందుకే దాలయ్య ఎడమ కంట్లో నల్లగుడ్డు అంచున, పాల మీద మీగడ తేలినట్టు తెల్లటి మచ్చ లేచినా ఎవరూ పట్టించుకోలేదు. చుట్టూ ఎర్ర నరాలు పాకాయి. చన్నుపాలు పిండారు, ఆముదం వేశారు. మచ్చ మాత్రం నల్లగుడ్డు మీదికి ఎక్కసాగింది. చివరికి తవిటమ్మే అతన్ని కంటాసుపత్రికి లాక్కెళ్లింది. టీ పోసి నన్నూ పట్టుకెళ్లింది.

డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక నిదానంగా చెప్పింది. కంటి పైనుండే పల్చటి పొరకు పట్టిన క్యాన్సరట. అరుదే గాని, ఏళ్ల తరబడి ఎండ తిన్న కళ్లకు ఎక్కువ వస్తుందట. కండే కదా అని ఊరుకుంటే లోపలికి పాకి కన్నే తీసెయ్యాల్సి రావచ్చట. దాలయ్యది ఇంకా పైపైనే ఉంది కాబట్టి చుక్కల మందుతో కరగొచ్చంది.

దాలయ్య ఒక్కటే అడిగాడు. "మావోళ్లకి అంటుకుంటాదేటమ్మా?"

"అంటుకోదు. ఎంగిలితో గాని, కంటినీళ్లతో గాని రాదు."

ఆ చుక్కల్ని చల్లగా ఉంచాలి. ఇంట్లో ఫ్రిజ్ లేదు. చేపల బండి దగ్గర ఐసు తెచ్చి, సీసాను కవర్లో చుట్టి నా కడుపులో పెట్టారు. ఇన్నాళ్లూ వేడి మోసిన నేను చలికి పగిలిపోతానేమో అనుకున్నాను. నా విద్యకు వేడీ చలీ ఒకటేనని ఈ వయసులో తెలిసింది. నెలలు గడిచాయి, మచ్చ కరిగింది. చుక్కలు ఆపమన్నారు. చూపించుకోవడానికి మాత్రం వస్తూ ఉండాలన్నారు.

తవిటమ్మ నన్ను వేణ్ణీళ్లతో కడిగి, టీ పోసి మళ్లీ మడికి తెచ్చింది. మూత నిండా పోసి మరిదికి అందించింది. గురువులు చెయ్యి చాపలేదు.

"నాకొద్దొదినా. దాన్లో కేన్సరుంది."

తవిటమ్మ ఆ టీ తనే తాగింది. తాగుతూ అతని మొహంలోకి చూసింది.

"మరి నీ కంట్లో ఉన్నదేటి మరిదీ? అది కూడా నా ఫ్లాస్కులోంచే వొచ్చిందేటి?"

నల్లగుడ్డు అంచున అదే మీగడ మచ్చ. గురువులు తువ్వాలు కంటి మీదికి లాక్కుని, ఇది ఉప్పు కండేనని గొణుగుతూ వెళ్లిపోయాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఎంగిలికి భయపడ్డవాడు ఎండకు భయపడడు. మనుషుల లెక్క నాకు అర్థం కాదు.

ఇక్కడితో ఆపమ్మా ఝాన్సీ. రేపు పొద్దున్నే మీ చిన్నతాత గురువులు ఇంటికెళ్లి ఇదంతా చదివి వినిపించు. సగంలో లేచిపోతాడు. లేచినా చదువుతూనే ఉండు, చెవుల్లో కండ పెరగలేదు కదా. ఆ ఫ్లాస్కులో టీ పోసుకెళ్లు. తాగనంటే పోట్లాడకు, పక్కనే పెట్టుకుని కూర్చో. దాన్లో టీ అంత తొందరగా చల్లారదు.