కడబంతి మేనేజర్లు

మా ఆయన ఏడుకొండలు సేల్స్ మేనేజరు. ఇది నేనంటున్న మాట కాదు, కువైట్ సర్కారు కాగితంలో ఉన్న మాట. ఆయన మాత్రం పొద్దున్నే అర్దియాలోని షెడ్డుకెళ్లి, కార్ల బానెట్ల కింద తలదూర్చి ఏసీలు బాగుచేసి, చీకటిపడ్డాక మెడ మీద గ్రీజు మరకతో ఇంటికొస్తాడు. ఆ మేనేజరు గారు ఇంతవరకు ఒక్క వస్తువు అమ్మిన పాపాన పోలేదు.

సంగతేమిటంటే, పెళ్లాంపిల్లల్ని ఇక్కడికి తెచ్చుకోవాలంటే మగవాడి జీతం కాగితం మీద ఘనంగా కనపడాలి. మా ఆయనకు వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, మంచివాడు. రాయడానికి నాదేం పోయిందని నవ్వి, మెకానిక్కుని ఒక్క పూటలో మేనేజర్ని చేశాడు. ఆ రాసిన జీతంలో సగం కూడా చేతికి రాదు. అందుకే ఒక ఫ్లాటులో నాలుగు కుటుంబాలం తలో గదిలో ఉంటాం. వంటిల్లు అందరికీ కలిపి ఒకటే.

పొద్దున బడి వేళకు పొయ్యి మా వంతుకు రాదు. రాత్రి వండిన అన్నం పెడితే మధ్యాహ్నానికి పులుస్తుంది. వేడిగా వండి పట్టుకెళ్దామంటే మధ్యాహ్నం బడి గేటు తల్లులకు తీయరు. అందుకని రెండో క్లాసు చదివే మా నాగదుర్గ రోజూ బాక్సులో ఖుబ్జ్ రొట్టె, దాని మీద కాస్త పంచదార చల్లించుకుని వెళ్లేది. ఇంటికొచ్చేసరికి దాని మొహం వాడిపోయి ఉండేది.

అలాంటప్పుడు బడిలో కొత్త కబురు పుట్టింది. ఎవరో పెద్ద వ్యాపారులు డబ్బిచ్చారట, తక్కువ జీతాల ఇళ్ల పిల్లలకు మధ్యాహ్నం ఉచితంగా సాంబారన్నం, గుడ్డు, అరటిపండు పెడతారట. జీతం కాగితం చూపిస్తే చాలన్నారు. నేను ఇంకేమీ ఆలోచించకుండా కాగితం పట్టుకుని పరుగెత్తాను. తక్కువ జీతానికి రుజువుగా ఆ కాగితాన్నే పట్టుకెళ్లిన నా తెలివికి దండ వేయాలి.

ఆఫీసులో గంగాధర్ అనే గుమాస్తా ఉంటాడు. ఆయనది నలగని చొక్కా, నవ్వని మొహం. కాగితం రెండుసార్లు చదివి, లేచి నిలబడి, నాకు కుర్చీ చూపించాడు.

“మా ప్రిన్సిపాల్‌కి కూడా ఇంత జీతం లేదు మేడమ్. మీకు ఉచిత భోజనమేంటి?” అన్నాడు.

ఆ జీతం ఉత్తుత్తిదని చెబుదామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఆ మాట ఆఫీసు గోడలు దాటిందంటే మా వీసాలు ఖలాస్. అప్పుడు భోజనమే కాదు, బడి కూడా ఉండదు. గొప్పింటి ఇల్లాలిలా కూర్చుని, జిప్పు పోయిన హ్యాండుబ్యాగును కుర్చీ వెనక్కి జరిపాను. ఆయన అంతటితో ఊరుకోలేదు. మీలాంటి స్థాయివాళ్లు ఇద్దరు పేదపిల్లల భోజనం ఖర్చు భరించాలి, లేదా తల్లులైనా వచ్చి వడ్డన సేవ చేయాలి అని హితబోధ చేశాడు. ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొదట నవ్వాడు, తర్వాత మెడ మీది గ్రీజు మరక రుద్దుకుంటూ కూర్చున్నాడు. పక్కగది షరీఫా బీ మాత్రం ఆశ్చర్యపోలేదు. వాళ్లది రాయచోటి. వాళ్లాయన టైలరు, కాగితం మీద సూపర్‌వైజరు. ఆమె అప్పటికే తన కూతురు మిస్బా కోసం వెళ్లి, అదే కుర్చీలో కూర్చుని వచ్చిందట.

“కాగితంలో తక్కువ జీతం ఉండేవానికి ఈడ పెండ్లాం బిడ్డలు ఉండరు. పెండ్లాం బిడ్డలు ఉండేవానికి ఆ జీతం ఉండదు. ఇంగ ఆ కూడు తినేది ఎవురక్కా?” అంది.

నిజమే కదా. తినేది జీతం షరతు లేని పాత రూళ్ల కాలంలో వచ్చిన కొద్దిమంది ఇళ్ల పిల్లలే. మిగతా గిన్నెలన్నీ నిండుగానే వెనక్కి పోతున్నాయని తెలిసి నా కోపం రెట్టింపయ్యింది. ఆ కోపంలోనే వడ్డన సేవకు పేరిచ్చాను. నా పిల్ల మధ్యాహ్నం ఎలా తింటుందో కళ్లారా చూడొచ్చు కదా అని కూడా అనుకున్నాను.

చూశాను. హాల్లో చాపల మీద కొందరు పిల్లలు కూర్చుంటే నేను సాంబారు పోస్తున్నాను. బాక్సులు తెచ్చుకున్నవాళ్ల బెంచీ మీద నాగదుర్గ ఖుబ్జ్ నములుతోంది. అది నన్ను చూడటం లేదు, నా చేతిలోని బకెట్టును చూస్తోంది. కన్నతల్లిని అయ్యుండి ఎదురుగా నిలబడి ఊరందరి పిల్లలకూ వడ్డిస్తున్నాను.

పిల్లలు లేచారు. గిన్నెల్లో బోలెడంత మిగిలింది. మా కోనసీమలో వడ్డించినవాళ్లంతా కడబంతిలో కూర్చుంటారు, పిల్లల్ని కూడా పక్కనే కూర్చోబెట్టుకుంటారు. నీకు పిలుపుందా, అర్హతుందా అని వాళ్లనెవరూ అడగరు. పైగా వాళ్లు తినకుండా వెళ్తే ఇంటివాళ్లే నొచ్చుకుంటారు. నేను చాప మీద రెండు పళ్లేలు పెట్టి, నాగదుర్గను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. హాలు కాపలాకున్న కేరళ టీచరమ్మ గబగబా వచ్చింది.

“వడ్డించినోళ్లు తినకుండా వెళ్తే పెట్టినోళ్లకి మంచిది కాదండి. ఆయ్, మా ఊళ్లో అంతేనండి,” అన్నాను, సగం హిందీ కలిపి.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, మా ఊళ్లోనూ అంతే అని, నాగదుర్గ పళ్లెంలో ఇంకో గుడ్డు వేసి వెళ్లిపోయింది. ఆ రోజు మా పిల్ల ఇంటికి గెంతుతూ వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మర్నాడు షరీఫా బీ కూడా గరిటె పట్టుకుంది. ఆ తర్వాత బిల్డింగు బిల్డింగంతా కదిలింది. అకౌంటెంట్ల భార్యలు, సూపర్‌వైజర్ల భార్యలు, పొద్దస్తమానం లారీ నడిపే ఇంజినీర్ల భార్యలు. తినే పిల్లలకంటే వడ్డించే తల్లులు ఎక్కువయ్యారు. ఒకే పిల్లాడికి అన్నం ఒకావిడ, గుడ్డు ఒకావిడ, నీళ్లు కావాలా నాన్నా అని అడగడానికి ఇంకొకావిడ. పాపం ఆ పిల్లలు ఊపిరాడక త్వరగా లేచిపోయేవారు. అప్పుడు మా కడబంతి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగేది. ఇంత ఉన్న ఇళ్ల ఆడవాళ్లకు ఎంత అణకువో చూడండని ప్రిన్సిపాల్ ప్రార్థనలో పిల్లలకు నీతి చెప్పిందట.

ఒక మధ్యాహ్నం గంగాధర్ హాలు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. మొదటి బంతి ఎప్పుడో లేచిపోయింది. ఆయన పెదాలు కదుపుతూ మా వరుసంతా లెక్కపెట్టాడు. తల్లుల చేతులు పళ్లేల్లోనే ఆగిపోయాయి. షరీఫా బీ మిస్బాను తన వెనక్కి లాక్కుంది. ఇక ఒక్కొక్కరినీ కాగితాలు అడుగుతాడు, రేపటి నుంచి మళ్లీ ఖుబ్జే అనుకున్నాను. కోపం, భయం రెండూ ఒకేసారి ముంచుకొచ్చి, లేచి ఆయనకు అడ్డంగా నిలబడ్డాను.

“ముందు పిల్లల్ని తిననివ్వండి. తర్వాత నన్నేమన్నా అనండి,” అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. గొంతు బాగా తగ్గించాడు.

“నా కాగితంలో అడ్మిన్ మేనేజర్ అని ఉందమ్మా.”

అప్పుడు చూశాను. ఆయన వెనకాల ఆయన పోలికలతోనే ఒక చిన్నపిల్ల, చేతిలో ఖాళీ పళ్లెం. ఆ పిల్లను చెయ్యి పట్టుకుని బంతిలోకి తీసుకెళ్లబోయాను. గంగాధర్ గారు ఆపాడు.

“ఉండండమ్మా. ముందు నన్ను వడ్డించనివ్వండి. అర్హత లేకుండా నా పిల్లను కూర్చోబెట్టను,” అన్నాడు.

ఆయన వడ్డించాలంటే తినేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు, మేమే ఉన్నాం. ఆయన చాప పక్కనున్న సాంబారు బకెట్టు తీసుకుని, నడుం వంచి, మా నాగదుర్గ పళ్లెంతో మొదలుపెట్టాడు.