కుళ్లాయమ్మ అరుగు బండ

నేను ఒక నాపబండను. మొదట్లో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల మందం. రాయికి బాధేముంటుందిలే అంటారు మీరు. ఎవరన్నా ఒక్కసారి అడిగి చూశారా?

పుట్టింది బేతంచెర్ల గనిలో. ఓబుళేసు అనే లారీ డ్రైవరు సరుకు దింపి ఖాళీగా తిరిగొస్తూ, గని మేస్త్రీని బతిమాలి మమ్మల్ని ఎనిమిది బండల్ని ఎక్కించుకొచ్చాడు. కొత్తగా కట్టుకున్న రెండు గదుల ఇంటికి అరుగు వేయించి, అందరిలోకీ నున్నగా ఉన్నానని నన్ను వాకిలి పక్కనే పరిపించాడు. అప్పట్లో వీధిలోంచి అరుగెక్కాలంటే మూడు మెట్లు. "ఎంత వానొచ్చినా మనింట్లోకి చుక్క రాదు కుళ్లాయీ" అని పెళ్లాం ముందు మీసం దువ్వాడు. వాన సంగతి బాగానే లెక్కేశాడు గాని, రోడ్డు సంగతి పాపం అతనికేం తెలుసు!

నాలుగేళ్లకే లారీ బోల్తాపడి ఓబుళేసు పోయాడు. కుళ్లాయమ్మ ఏడ్చినన్నాళ్లు ఏడ్చి, కుట్టుమిషను తెచ్చి నా మీద పెట్టింది. లోపలి గదుల్లో పట్టపగలు కూడా సూది బెజ్జం కనపడదు. ఆ ఇంటికి వెలుతురంటే నేనే, కూడంటే కూడా నేనే.

మా వీధి జనం మహా విచిత్రం. గుంతలున్నాయి రోడ్డెయ్యండని అర్జీ పెడతారు. వేస్తే, ఎత్తు పెరిగిందని ఇంకో అర్జీ. రెండూ రాసేది ఎదురింటి తిమ్మప్ప సారే, రిటైరైన లెక్కల మాస్టరు. వచ్చినోళ్లేమో పాత రోడ్డు తవ్వరు, దాని మీదే కొత్తది పోసిపోతారు. మొదటిసారి కింది మెట్టు మాయమైంది. రెండోసారి దాని పై మెట్టు. మిగిలిన మెట్టును చూసినప్పుడల్లా నాకు గుబులు.

ఈ ఏడు మూడో రోడ్డు మంజూరైంది. రోడ్డుకన్నా ముందు ఇంటిపన్ను కొలతలాయన వచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు, ఎండకు మాడిపోయి ఉన్నాడు. కుళ్లాయమ్మకు ప్రాణం ఒప్పలేదు. నన్ను కొంగుతో తుడిచి "కూచో సార్" అంది, కాఫీ ఇచ్చింది.

"ఇక్కడేం చేస్తుంటావమ్మా?" అన్నాడు, మాటవరసకే.

"అయ్యో, తెలీదా సార్! ఈ వీధిలో జాకెట్లన్నీ ఈ అరుగు మీద కుట్టినవే. పండగొస్తే పక్క వీధోళ్లు కూడా నిలబడతారు."

ఒట్టి గొప్ప! రోజుకు రెండు జాకెట్లొస్తే గగనం. వచ్చిన మనిషి ముందు చులకన కాకూడదని నాలుగు మాటలు ఎక్కువ చెప్పుకోవడం వీళ్లకు అలవాటు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గదా, ఆ నోరే ఆమె కొంప ముంచింది. నెల తిరక్కుండా నోటీసొచ్చింది. తిమ్మప్ప సారు కళ్లద్దాలు సర్దుకుని చదివి, "అరుగును అంగడి కింద రాశారు కుళ్లాయమ్మా, పన్ను మూడింతలయింది" అన్నాడు. ఆమె నా మీద చతికిలబడింది.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ వారమే రోడ్డు కొలిచేవాళ్లు వచ్చి నా మీద ఎర్రరంగు గీత గీశారు. నేను ఆక్రమణనట. వీధంతా ఇంజనీరు చుట్టూ మూగింది.

"తవ్వి వెయ్యండి సార్, ఇళ్లు గుంతల్లోకి పోతున్నాయి" అన్నాడు తిమ్మప్ప సారు.

"తవ్వకం ఎస్టిమేటులో లేదు మాస్టారూ."

"మరి నా అరుగుకు పన్నేశారు గదా సార్! ఆక్రమణకు పన్నేస్తారా ఎవరన్నా?" అంది కుళ్లాయమ్మ.

"పన్ను వేరే సెక్షనమ్మా, మాకు సంబంధం లేదు."

ఎంత చల్లగా అన్నాడో! నాకైతే ఒళ్లు మండిపోయింది. మండి ఏం చేస్తాను, రాయిని. మర్నాడే జేసీబీ వచ్చింది. కుళ్లాయమ్మ మిషనును ఒళ్లో బిడ్డలా పట్టుకుని గోడకానుకుంది. నా తోటి బండలు ఏడూ పిండైపోయాయి. నేను అడ్డంగా విరిగి, మూడడుగుల ముక్కనై మిగిలాను.

ఈసారి రెండింతల ఎత్తు పోసిన రోడ్డు తళతళలాడుతోంది. ఇల్లు దానికి జానెడు కిందుంది. మొదటి వానకే వీధి నీళ్లన్నీ లోపలికొచ్చాయి, కుట్టడానికిచ్చిన గుడ్డలు బురదలో తేలాయి. ఆమె తెల్లారి నన్ను ఈడ్చుకొచ్చి, వాకిట్లో అడ్డంగా నిలబెట్టి మట్టి మెత్తింది. వచ్చినవాళ్లను లోపలికెక్కించిన దాన్ని, ఇప్పుడు వాకిలికి అడ్డం. ఆమె కూడా చీర పైకి పట్టుకుని నన్ను దాటుతోంది.

అరుగే లేదు, పన్ను మాత్రం వస్తూనే ఉంది. తిమ్మప్ప సారు మూడు అర్జీలు రాశాక, మళ్లీ కొలవడానికి ఆ నెమ్మదస్తుడే వచ్చాడు. రోడ్డు మీద నిలబడి ఇంట్లోకి కిందికి తొంగిచూశాడు. కుళ్లాయమ్మ అలవాటుకొద్దీ కాఫీ గ్లాసుతో వచ్చి "కూచో సార్" అంది. అని, కూర్చోడానికి చోటేదని చుట్టూ చూసింది. ఆయన తలొంచుకుని నిలబడే తాగాడు.

"నిజమేనమ్మా, అరుగు లేదు. ఆ పన్ను కొట్టేస్తాను" అన్నాడు. కుళ్లాయమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నాకూ కాస్త ఊపిరాడింది.

"మరిప్పుడెక్కడ కుడుతున్నావు?"

"ఇంకెక్కడ సార్, లోపలే! మంచం ఎత్తేసి మిషనేసుకున్నా. రెండు గదులనిండా గుడ్డలే అనుకో" అంది, నవ్వుతూ.

చెప్పొద్దే తల్లీ, చెప్పొద్దే అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఆయన వంగి ఖాళీ గ్లాసు నా నెత్తిన పెట్టి, జేబులోంచి పెన్ను తీశాడు.