చుక్కాని పిడి, చైనా ఆపెల్

టీబ్కా, ఆ పుస్తకాల సంచి అక్కడ పడేసి ఇలా రా. పొయ్యి పక్కన ఈ బల్ల మీద కూర్చో, ముందు ముక్కు తుడుచుకో. బళ్లో ఆపిల్ పండుని మన యాసలో 'ఆపెల్' అన్నావని పంతులమ్మ నవ్విందా? 'ఆప్ఫెల్' అనాలందా? అననీ. పుస్తకాల్లో అలాగే ఉంటుంది, అదీ తప్పు కాదు. కానీ పొయ్యి మీద గోడకు వేలాడుతున్న ఆ చుక్కాని పిడిని చూడు. అది ఈ ఇంట్లోకి ఎలా వచ్చిందో విన్నావంటే నీ ఏడుపు దానంతట అదే ఆగిపోతుంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పండ్ల కోతలు ఊపందుకున్న వారంలోనే మీ తాత హార్మ్ నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కొమ్మలు వంగిపోయేంత కాపు, పడవ నడిపే మనిషేమో మంచంలో. మన వాగు సంగతి నీకు తెలిసిందే కదా. సముద్రపు పోటు నదిలోకి ఎక్కినప్పుడు బయలుదేరి హాంబుర్గ్ రేవుకు చేరాలి, సరుకు అమ్ముకుని, నీరు వెనక్కి తీసే ఆటుతో తిరిగి రావాలి. ఆలస్యమైతే వాగులో నీళ్లుండవు. పడవ బురదలో కూలబడుతుంది, ఊరంతా గట్టు మీద చేరి వినోదం చూస్తుంది.

పడవ కట్టేశాక చుక్కాని పిడి ఊడదీసి, ఇంటికి తెచ్చి పొయ్యి మీద తగిలించడం మన వాళ్ల పద్ధతి. అది ఎవరి గోడ మీద ఉంటే పడవ పెత్తనం వాళ్లది. అప్పట్లో అది మా మామగారు కార్‌స్టెన్ ఇంట్లో ఉండేది. దాని మీద మా మామగారి తమ్ముడి కొడుకు, నా మరిది రైమర్ కన్ను పడింది. పట్నంలో చదివినవాడు, జోళ్లలో మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు.

"పెదనాన్నా, పిడి నాకియ్యి. రేవులో పెద్దమనుషులతో మాట్లాడాలంటే భాష కావాలి. వదిన నోరు తెరిస్తే పల్లెటూరు బయటపడిపోతుంది" అన్నాడు రైమర్.

"పల్లెటూరి పండే కదా అమ్మేది! దానికి పట్నం యాస ఎందుకు, మరిదీ?" అన్నాను.

మామగారు పొగాకు పైపు నోట్లోంచి తీశారు. "గేషె, రేపు ఒక్క ప్రయాణం నీది. ఖాళీ బుట్టలతో, అదే ఆటుకి తిరిగి రావాలి. ఒక్క బుట్ట మిగిలినా, పడవ బురదలో పడినా పిడి రైమర్‌ది. వాడూ నీతో వస్తాడు, కళ్లతో చూసి నాకు చెబుతాడు."

పడవ పోతే హార్మ్ లేచాక కూడా మేం రైమర్ దగ్గర కూలికి నిలబడాల్సిందే.

మర్నాడు పొద్దున్నే రేవు చేరాం. నేను తాడు కట్టేలోపే రైమర్ టోపీ తీసి గట్టు మీది వాళ్లకు ఉపన్యాసం మొదలుపెట్టాడు. "గౌరవనీయులైన మహాశయులారా, మా తోటలలోని శ్రేష్ఠమైన ఫలములను..." ఇలా సాగింది. పెద్దమనుషులు విన్నారు, తలలూపారు, వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్లకు పండ్లు తెచ్చేది పనివాళ్లు. ఆ పనివాళ్లకేమో అతని మాటల్లో సగం అర్థం కాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పోయినవి రెండే రెండు బుట్టలు. గట్టు రాళ్ల మీద తడి గీత కిందికి జారడం మొదలైంది. ఆటు వచ్చేసింది.

"అయిపోయింది వదినా. నీ కోసం నేనూ చేతనైనంత చేశాను" అన్నాడు, లోపల్లోపల నవ్వుకుంటూ.

"చేశావులే. ఇక కూర్చో, జోళ్లు తడుస్తాయి" అని తాడు విప్పేశాను.

"ఎక్కడికి?"

"ఓడల వంటవాళ్ల దగ్గరికి. ఓడల్లో ఆకలేసేది వాళ్ల మనుషులకే కదా."

నది మధ్యలో పరదేశపు ఓడలు వరుసగా లంగరేసి ఉన్నాయి. వాటి సందుల్లోకి పడవ పోనిచ్చి, మా అమ్మ తోటలో ఎలా కేక పెట్టేదో అలా పెట్టాను. "ఆపెల్! ఆపెల్ వచ్చిందోయ్!"

మొదటి ఓడ వాళ్లు డచ్చివాళ్లు. ఒక లావుపాటి వంటాయన బంగాళాదుంపలు చెక్కుతూ తొంగిచూశాడు. "ఆపెల్? తీసుకురా తల్లీ, తీసుకురా!" ఆ మాట అచ్చంగా మన వాకిట్లో మాటే. పక్క ఓడలోంచి డెన్మార్క్ వాడు "ఏబ్లె" అన్నాడు, అవతలి నార్వే వాడు "ఎప్లె" అన్నాడు, ఇంగ్లీషు కుర్రవాళ్లు "ఆపుల్, ఆపుల్" అంటూ తాడుకి బుట్ట కట్టి వదిలారు. ఏ ఓడ దగ్గరా నేను మాట మార్చలేదు. ఎవరూ నన్ను 'ఏంటీ' అని అడగలేదు. ఒక్క ఫ్రెంచి వాడు మాత్రం అయోమయంగా చూశాడు. ఒక పండు కోసి కత్తి మొన మీద అందించాను. కొరికాడు, నాలుగు బుట్టలు పట్టుకుపోయాడు. అతనికి మాటతో పని పడలేదు.

"ఇదేంటి వదినా, వీళ్లందరికీ నీ మాట ఎవరు నేర్పారు?" అన్నాడు రైమర్.

జవాబు చివరి ఓడ మీద దొరికింది. అక్కడ ఒడ్డుర్ అనే ముసలి ఐస్‌లాండు నావికుడు ఉండేవాడు. మన ఓడల్లో ముప్పై ఏళ్లు పనిచేసి మన మాట బాగా పట్టాడు. పండు చేతిలోకి తీసుకుని, చెంపకు ఆనించుకుని, "ఎప్లి" అన్నాడు.

"మీ దీవిలో కూడా కాస్తాయా తాతా?" అని అడిగాను.

"చెట్టే లేదమ్మా. గాలికి బతకదు. మా వాళ్లు పడవలెక్కి వెళ్లేటప్పుడు పండు తీసుకుపోలేకపోయారు, మాట తీసుకుపోయారు. మీ ముత్తాతలూ మావాళ్లూ ఒకే పొయ్యి చుట్టూ కూర్చున్న రోజుల నాటి మాట ఇది. తరవాత తలో దిక్కూ పోయారు. దక్షిణాన కొండల వైపు వెళ్లినవాళ్ల నోట్లో అది కాస్త మెత్తబడింది. అదే ఇప్పుడు మీ బళ్లలో నేర్పుతున్నారు. సముద్రం పక్కన ఉండిపోయినవాళ్లం మాత్రం పాత గట్టిదనం వదల్లేదు."

రైమర్ జోళ్లకేసి చూసుకున్నాడు.

బుట్టలన్నీ ఖాళీ చేసుకుని తిరిగి వస్తుంటే డచ్చి వంటాయన చెయ్యి ఊపి నా ఒళ్లోకి ఒక నారింజ విసిరాడు. "ఇది కూడా ఆపెలే! చైనా ఆపెల్ అంటాం మేం. ఇదిగో, ఈ దుంప నేల ఆపెల్. మా పెద్దలు కొత్త కాయ ఏది కనిపించినా ఆ పేరే తగిలించేవాళ్లు, వాళ్లకు తెలిసిన మంచి పేరు అదొక్కటే మరి!"

తెరచాప ఎత్తాను. నీరు దిగిపోతోంది, పడవ అడుగు రెండుసార్లు ఇసుకకు రాసుకుంది. రెండోసారి రైమరే జోళ్లు విప్పేసి, నీళ్లలోకి దూకి నెట్టాడు. అతనికి ఆ గౌరవం దక్కాల్సిందే. వాగు నదిలో కలిసే చోట మామగారు కర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నారు, ఆయన వెనక సగం ఊరు.

"ఎన్ని మిగిలాయి?"

"ఒక్కటి" అని నారింజ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి రైమర్ వైపు తిరిగారు. "ఎవరు అమ్మారురా?"

రైమర్ మోకాళ్ల దాకా బురదలో ఉన్నాడు. "వదినే పెదనాన్నా. ఒకే ఒక్క మాటతో. నేను రెండు బుట్టలు, ఆవిడ మిగతావన్నీ."

గట్టు మీద జనం ఒక్కసారిగా అరిచారు చూడూ, బాతులు లేచి ఎగిరిపోయాయి! నేను పిడి ఊడదీసి మామగారికి అందించబోయాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"నాకెందుకు? మీ ఇంట్లో పొయ్యి లేదా?"

మంచం మీంచి చూస్తూ, ఎక్కడ కొట్టాలో చెప్పి మీ తాత నాతో ఆ మేకు కొట్టించాడు. నారింజను తొక్క కూడా పారెయ్యకుండా మామగారూ, మీ తాతా, నేనూ తిన్నాం, చేదుగా ఉన్నా.

పో, ఆ పిడి ఒకసారి ముట్టుకో. నున్నగా తగిలేది నా చేతులకు అరిగిపోయిన చోటే. రేపు పంతులమ్మ దగ్గర 'ఆప్ఫెల్' అను, ఇంటికొచ్చి 'ఆపెల్' అను, రెండూ నీవే. కానీ చెట్టు లేని దీవిలో మాటను దాచుకున్న ఆ ముసలాయన్ని మరిచిపోకు. ఎప్పుడో నీ మనవరాలు ఇలాగే ముక్కు చీదుకుంటూ వస్తుంది, దాన్ని ఈ బల్ల మీదే కూర్చోబెట్టి చెప్పు. రైమర్ నీళ్లలోకి దూకిన సంగతి వదిలెయ్యకుండా చెప్పాలి సుమా.