ముప్ఫై ఒక్క ఏళ్ల క్యాచ్

మధ్యాహ్నం మూడింటికి తొమె అక్క స్నానశాల గుమ్మానికి నీలం తెర కడుతుంది. ముడి పడీ పడకముందే ఆ తెర కింద నుంచి లోపలికి దూరిపోయే మొదటి మనిషి హిదాకా. సోయా పాల జున్ను, అదే టోఫు, అమ్మే ఆయన దుకాణం పని పొద్దున పదింటికల్లా అయిపోతుంది. అక్కణ్ణుంచి రోజంతా అనుమానపడటానికి తీరికే తీరిక. చెప్పులు గూట్లో పెట్టి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుని, బట్టలు విప్పి, ఒళ్లు రుద్దుకుని, తొట్టిలో బొటనవేలు ముంచి అరుస్తాడు.

"నిన్నటి కంటే చల్లగా ఉన్నాయి అక్కా నీళ్లు! కట్టెలు మిగుల్చుకుంటున్నాడేమో చూసుకో నీ పనివాడు!"

ఆడవాళ్ల వైపుకీ మగవాళ్ల వైపుకీ మధ్య ఎత్తు పీట మీద కూర్చునే తొమె అక్కకి డెబ్భై నాలుగేళ్లు. ఓకిహామా రేవులో ఆవిడ చూడని ఒళ్లు లేదు, భయపడే మనిషీ లేడు. "వేలు ఎర్రగా ఉడికిపోయింది కనపట్టంలా? నోరు మూసుకుని దిగు" అంటుంది.

మార్చి నెలాఖరు. ఇంకో రెండ్రోజుల్లో బేస్‌బాల్ సీజన్ మొదలు. ఓకిహామా పెలికన్స్ గత ఆరేళ్లలో ఐదేళ్లు అట్టడుగున నిలిచిన జట్టు. అయినా ప్రతి మార్చిలోనూ ఆ తొట్టి నిండా ఆశలే. రిటైరైన బస్సు డ్రైవర్ కురమోచి మెడదాకా మునిగి కూర్చుని, నెత్తిన తడి తుండు పెట్టుకుని, ఆ రోజూ అదే పాట ఎత్తుకున్నాడు.

"ఈసారి మనదే అన్నా. కొత్త మేనేజర్‌ని చూశావా పేపర్లో? ఎంత ధైర్యంగా నవ్వుతున్నాడో!"

"అదే చూశాను" అన్నాడు హిదాకా. "ఇలాంటి జట్టుని నెత్తినెత్తుకున్నవాడు నవ్వుతున్నాడంటే ఏదో ఉంది."

"పోనీ, బంతి విసిరే మన నిషియురా భుజం? పూర్తిగా నయమైందని రాశారుగా!"

"పూర్తిగా అని ఎందుకు రాశారు? నయమైంది అంటే చాలదూ? ఆ 'పూర్తిగా' లోనే ఉంది మతలబంతా."

మంగలి ఎబిసావా మూల కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. ఊళ్లోకొచ్చే పేపర్లన్నీ ముందు ఆయన దుకాణంలోనే తెరుచుకుంటాయి. "కొత్తగా వచ్చిన ఆ అమెరికా బ్యాటరు భుజాలు చూశావా అన్నా? ఎద్దులా ఉన్నాడు" అన్నాడు.

"భుజాల గురించి నాలుగు పేపర్లు రాశాయి. మోకాళ్ల గురించి ఒక్కటైనా రాసిందీ? రాయలేదంటే తేడా మోకాళ్లలోనే."

కురమోచి నీళ్లు చరిచాడు. "అబ్బబ్బా! నీ పెళ్లిలో కూడా పెళ్లికూతురు మోకాళ్లే చూసుంటావు నువ్వు!"

"చూశాను. గట్టిగా ఉన్నాయి కాబట్టే చేసుకున్నాను" అన్నాడు హిదాకా, ఏమాత్రం నవ్వకుండా.

మాట అలా అలా తిరిగి, ఏటా తిరిగినట్టే, బంతి దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించి అడిగింది ఎబిసావానే. "ఇవాళ ఎక్కడుంది?"

"పొగగొట్టానికి బారెడు పైన. మొన్నటికి రెండు బారలుండేది. ఈ నెల నుంచీ తొందరపడుతోంది."

గోడ అవతల కట్టెలు చీలుస్తున్న గొడ్డలి చప్పుడు ఠక్కున ఆగిపోయింది. తొట్టిలో ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

ఈ స్నానశాల వెనకాల ఇప్పుడు కట్టెల దొడ్డీ సైకిళ్ల స్టాండూ ఉన్నచోట ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట పెలికన్స్ పాత మైదానం ఉండేది. ఆ ఏడు ఆఖరి మ్యాచ్, ఆఖరి ఇన్నింగ్స్, అవతలివాళ్లు ఇద్దరు ఔట్. ఇంకొక్కడు ఔటైతే పెలికన్స్ చాంపియన్లు. బ్యాటర్ కొట్టిన బంతి నిటారుగా ఆకాశంలోకి లేచింది. దాని కింద గ్లవ్ చాపి నిలబడింది పెలికన్స్ ఆటగాడు సొనోబె తెత్సువో. పట్టుకుంటే కప్పు, జారితే కప్పు కూడా జారినట్టే. పద్దెనిమిది వేల మంది తలలెత్తి చూశారు. బంతి దిగలేదు. అంపైర్లు చీకటి పడేదాకా ఆగి, మర్నాడు కూడా వచ్చి చూసి, నేలనో గ్లవ్‌నో తాకేవరకూ ఆట ముగిసినట్టు కాదని రాసి వెళ్లిపోయారు. లీగ్ రికార్డుల్లో ఆ ఏడాది చాంపియన్ పేరుండాల్సిన చోట ఇప్పటికీ చిన్న గీతే ఉంది. వెంటనే మైదానాన్ని సముద్రం పక్కకి మార్చారు. బంతి మాత్రం తెల్లటి చుక్కలా అక్కడే వేలాడుతూ, ఏడాదికి ఇంత చొప్పున దిగుతూ ఉంది. వానొస్తుందా అని పైకి చూసేవాళ్లు దాన్నీ ఓసారి చూసి తమ పని తాము చూసుకునేవాళ్లు.

వేలాడింది బంతి ఒక్కటే కాదు, సొనోబె పేరు కూడా. మ్యాచ్ ముందురోజు సాయంత్రం రైల్వే స్టేషన్ దగ్గర నల్ల టోపీ మనిషెవరో అతనికి కాగితం పొట్లం ఇవ్వడం, అతను రెండుసార్లు వంగి దణ్ణం పెట్టడం హిదాకా కళ్లారా చూశాడు. చూసింది చూసినట్టు ఈ తొట్టిలోనే చెప్పాడు. మర్నాటికి ఊరి మాటల్లో ఆ పొట్లంలోకి డబ్బు వచ్చి చేరింది. డబ్బు మాట హిదాకా అనలేదు. కాదనీ అనలేదు. ఆ క్యాచ్ కావాలని వదిలేద్దామనే నిలబడ్డాడని ఊరు తేల్చేసింది. సొనోబెని ఆ శీతాకాలమే జట్టు తీసేసింది, ఇంకే జట్టూ పిలవలేదు. అతను నేరుగా వచ్చి, బంతి కింద ఉన్న ఈ దొడ్లో కట్టెలు కొట్టే పని అడిగి తీసుకున్నాడు. ఊరు దాటి ఎక్కడికీ పోలేదు. గ్లవ్‌కి రోజూ నూనె రాసి, దాన్ని నడుముకి కట్టుకుని పని చేసేవాడు. అందరూ స్నానాలు చేసి వెళ్లాక, ఒక్కడే వచ్చి ఒళ్లు తడుపుకుని పోయేవాడు.

"పట్టుకుంటాడంటావా?" అన్నాడు కురమోచి.

"పట్టుకోడానికే కాపలా కాస్తున్నాడని ఎవడన్నాడు?" హిదాకా గుసగుసలాడాడు. "ఇంకెవడూ పట్టుకోకుండా కాస్తున్నాడేమో."

"పాపం, కళ్లకి శుక్లాలట అన్నా. ఆపరేషన్‌కి జిల్లా ఆసుపత్రిలో రెండ్రోజులు ఉండమంటే, దొడ్డి వదిలి రానన్నాడట."

"చూశావా మరి? జారినా కళ్ల మీదకి తోసెయ్యొచ్చు."

అన్నాడే గానీ హిదాకాకి నీళ్లు ఉన్నట్టుండి చల్లబడ్డాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా రోజూ పొద్దున టోఫు కోయడం కాగానే వీధిలోకొచ్చి ఆ బంతిని కొలిచేది ఎందుకో ఆయనొక్కడికే తెలుసు. అది సొనోబె చేతిలో పడితే, తను చూసినదాని సంగతేమిటి? ఆ భయం ఆయన్ని ఒక్కరోజు కూడా వదల్లేదు.

సరిగ్గా అప్పుడు పీట మీద నుంచి కిటికీలోకి చూసి తొమె అక్క కేక వేసింది. "దిగుతోందయ్యా! బంతి దిగుతోంది!"

మగవాళ్లు తుండ్లు చుట్టుకుని, ఆడవాళ్లు దొరికిన బట్ట కప్పుకుని దొడ్లోకి పరిగెత్తారు. సముద్రం మీది గాలి కోసేస్తోంది. బంతి పొగగొట్టం మూతికి కాస్త పైన, చిన్నగా ఊగుతూ, తొందరేం లేనట్టు దిగుతోంది. కట్టెల కుప్ప పక్కన సొనోబె గ్లవ్ తొడుక్కుని, మొహం పైకెత్తి నిలబడ్డాడు. అరవై రెండేళ్ల మనిషి, ఒళ్లంతా బూడిద. కళ్ల మీద పాలపొర దూరానికే కనపడుతోంది. అతను చూస్తున్నది బంతిని కాదు, మబ్బుని.

"తప్పు చోట నిలబడ్డాడు" అని హిదాకా మనసులోనే అనుకున్నాడు. పొయ్యి మండుతున్నప్పుడు పొగ వేడికి ఆ బంతి సముద్రం వైపుకి ఒరుగుతుంది. ఎండలో ఎంత, మంచులో ఎంత, అన్నీ ఆయనకి తెలుసు. ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలీదు. ఆయన నోరు మూసుకుంటే చాలు. బంతి నేలన పడుతుంది, సొనోబె దొంగవుతాడు, హిదాకా అనుమానం నిజమై కూర్చుంటుంది. అబద్ధం ఆడక్కర్లేదు, వేలు కదపక్కర్లేదు.

అంతలో సొనోబె మొహం దించకుండానే పిలిచాడు.

"హిదాకా గారూ. ఉన్నారా? ఎటు?"

ఎబిసావా పళ్ల బిగువున అన్నాడు. "ఓరి నాయనో, పోయి పోయి ఈయన్నే అడిగాడేంటి!"

కురమోచి ఆగలేకపోయాడు. "వినకయ్యా సొనోబె! నీ పరువు తీసింది ఈయనే! తప్పు చెబుతాడు, వినకు!"

ముప్ఫై ఒక్క ఏళ్లు ఒక మనిషిని అనుమానించిన హిదాకా కేసి ఇప్పుడు ఊరు ఊరంతా అనుమానంగా చూసింది. ఆ చూపులు ఒంటి మీద ఎలా ఉంటాయో ఆయనకి మొదటిసారి తెలిసింది. ఇలాంటి చూపుల మధ్య ఇతను ఇన్నేళ్లు కట్టెలు కొట్టాడా అనుకున్నాడు.

"ఎడమకి!" అని అరిచాడు. "ఎడమకి నాలుగడుగులు! కుప్ప దాటి రా!"

సొనోబె క్షణం కూడా ఆలోచించలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"వెనక్కి అడుగున్నర! అక్కడే. అక్కడే ఉండు. పొగగొట్టం మూతి దాటాక దానికి బరువొస్తుంది, జాగ్రత్త. చెయ్యి కొంచెం కుడికి. ఊఁ. ఇప్పుడు!"

బంతి పొగగొట్టం మూతి దాటింది. దాటగానే ముప్ఫై ఒక్క ఏళ్లుగా దాచుకున్న బరువంతా ఒక్కసారి గుర్తొచ్చినట్టు రివ్వున దిగింది. గ్లవ్‌లో పడ్డ చప్పుడుకి సైకిళ్ల మీది పిచ్చుకలన్నీ లేచిపోయాయి. సొనోబె రెండో చెయ్యి కూడా దాని మీద మూసి, మోకాళ్ల మీద కూలబడ్డాడు.

కురమోచి కుడిచెయ్యి ఆకాశంలోకి విసిరి "ఔట్!" అని గావుకేక పెట్టాడు. తుండు ఊడిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

తొమె అక్క లోపలికెళ్లి లీగ్ ఆఫీసుకి ఫోన్ చేసింది. అక్కడి గుమాస్తా "అలాగా అండీ" అన్నాడు. ఎన్ని గంటలకి పడిందని మాత్రం అడిగి, గీత కొట్టేసి ఆ చోట పెలికన్స్ అని రాసుకుంటామన్నాడు.

ఆ రోజు సొనోబెని ఆవిడే రెక్క పట్టుకుని ముందు గుమ్మంలోంచి లోపలికి తోసింది. అతను బూడిద కడుక్కుని, గోడ తడుముకుంటూ వచ్చి తొట్టి అంచున ఆగిపోయాడు. హిదాకా జరిగి, నీళ్లు వేడిగా ఉండే తన మూలని అతనికి వదిలాడు.

"ఆ పొట్లంలో ఏముందయ్యా?" అని హిదాకానే అడిగాడు.

"గ్లవ్. తాళ్లు తెగిపోతే పక్క ఊరి ముసలాయన కొత్తవి వేసి, మ్యాచ్‌కి అందాలని తనే రైలెక్కి తెచ్చిచ్చాడు."

"మరి చెప్పలేదేం?"

"నన్ను అడిగినవాళ్లు లేరు హిదాకా గారూ. అందరూ నాకు చెప్పినవాళ్లే."

హిదాకా తల వంచుకున్నాడు. గడ్డం నీళ్లలో మునిగింది. "తప్పు నాది. నీ బతుకంతా తినేశాను" అన్నాడు. సొనోబె తుండు మడిచి నెత్తిన పెట్టుకున్నాడు.

కురమోచి మాట మళ్లించాడు. "ఒరేయ్, ఇన్నేళ్లూ జట్టు గురించి గొంతులు చించుకున్నాం. నిజంగా ఆడినవాణ్ణి గోడ అవతల పెట్టుకుని ఒక్కసారీ అడగలేదు. సొనోబె, నువ్వు చెప్పు. ఈ ఏడు మనమెలా ఉంటాం?"

సొనోబె నెత్తిన తుండు సర్దుకున్నాడు. "నిషియురా భుజం నయం కాలేదు. మొన్న ప్రాక్టీసు మ్యాచ్ రేడియోలో విన్నాను. మూడో ఇన్నింగ్స్ నుంచే బంతి గ్లవ్‌లో మెత్తగా పడుతోంది."

"నేను చెప్పలా!" హిదాకా నీళ్లలోంచి సగం లేచాడు. "పూర్తిగా అన్నప్పుడే చెప్పలా!"

"అమెరికా అబ్బాయి మోకాళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. పరుగు చప్పుడు సమంగా ఉంది."

హిదాకా ఏదో అనబోయి, ఆగి, "నువ్వంటే సరే" అన్నాడు. ఎబిసావా చేతిలోంచి గడ్డం కత్తి జారిపోయింది.

"సోమవారం ఆసుపత్రికి పోతాను" అన్నాడు సొనోబె. "ఇక ఇక్కడ ఉండాల్సిన పని లేదుగా. రెండ్రోజులు కట్టెలకి ఎవర్నైనా చూసుకోవాలి అక్కా."

"నేను కొడతాను" అన్నాడు హిదాకా.

పీట మీద నుంచి తొమె అక్క తొంగిచూసింది. "నువ్వా? అమ్మో! కట్టెలు మిగుల్చుకుంటావేమో!"

తొట్టి తొట్టంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది సొనోబె. అతని నవ్వు అంత గట్టిగా ఉంటుందని ఆ ఊళ్లో ఎవరికీ అప్పటిదాకా తెలీదు.