ఇనుము తీసిన సీరమ్

మా చెల్లి మంగళవారం ఉదయం ఆసుపత్రిలో పోయింది. మూడు రోజుల తర్వాత నేను బడికి వెళ్లి పిల్లలకు భిన్నాలు చెప్పాను. తప్పేమీ చెప్పలేదనే అనుకుంటున్నాను.

మూడో వారంలో తన సామాను తెచ్చుకోవడానికి ప్రయోగశాలకు వెళ్లాను. చెల్లి అక్కడ ఎలుక కణాలను పెంచేది. కణంలోని ఆర్‌ఎన్‌ఏ మీద ఒక ఎంజైము చిన్న గంధకపు గుర్తు పెడుతుందట. ఆ పనికి దానికి లేశమంత ఇనుము కావాలి. ఇనుము అందకపోతే గుర్తు తగ్గుతుందా అన్నది చెల్లి ప్రశ్న. అందుకే కణాలకు తిండిగా పోసే సీరమ్‌లోంచి ఇనుము తీసేసేది. రెండుసార్లు చేస్తే రెండుసార్లూ తగ్గింది. మూడోసారి కూడా తగ్గితేనే పేపరు పంపుతారు. ఆ మూడోసారి ప్రయోగం తనతో పనిచేసిన అమ్మాయి చేయబోతోంది.

"అక్కా, బల్ల మీదవన్నీ తీసుకెళ్లండి. ఫ్రిజ్‌లో ఉన్న తన సీసా మాత్రం నాకు కావాలి," అని చెప్పి ఆ అమ్మాయి భోజనానికి వెళ్లింది.

ఫ్రిజ్ తెరిచాను. ప్లాస్టిక్ సీసా మీద చెల్లి చేతిరాత: 'ఇనుము తీసిన సీరమ్. ముట్టుకుంటే చంపేస్తా.'

సీరమ్ వాళ్లకు కావాలి, చేతిరాత నాకు కావాలి. అక్కడున్న ఖాళీ గాజు సీసా కడిగి, సీరమ్ అందులో పోసి, కాగితం మీద సీరమ్ పేరు గుండ్రంగా రాసి అంటించాను.

ఆ అమ్మాయి వచ్చి చూసింది.

"సీసా మార్చారా?"

"శుభ్రంగా కడిగే పోశానమ్మా. సబ్బుతో, మూడుసార్లు."

"కుళాయి నీళ్లతోనా?"

"అవును."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "చుక్క చుక్క లెక్కపెడుతుందని తనని చుక్కలమ్మ అని ఏడిపించేవాళ్లం. ఒక్కో సీసాని రెండు రోజులు యాసిడ్‌లో నానబెట్టేది. కుళాయి నీళ్లలో ఇనుముంటుందక్కా."

"చూడ్డానికి అలాగే ఉంది కదా."

"అదేగా గొడవ."

"మళ్లీ చేయలేవా?"

"సీరమ్ చేయొచ్చు. కానీ మూడుసార్లూ ఒకే సీరమ్ అయి ఉండాలి. కొత్తదైతే మళ్లీ ఒకటి నుంచే." గాజు సీసా పక్కకు జరిపి, "ఇంకెవరైనా అయ్యుంటే చుక్కలమ్మ చెవి మెలేసేది," అంది.

"నన్నూ వదిలేది కాదు. చిన్నప్పటినుంచీ నా చెవులు దాని చేతిలోనే ఉండేవి."

ఇద్దరం కొద్దిగా నవ్వాం. చెల్లి చేతిరాత ఉన్న ఖాళీ సీసాను ఆమే సంచిలో పెట్టి ఇచ్చింది.

అది జరిగి ఐదు నెలలైంది. ఆ అమ్మాయిని వేరే పనిలో వేశారు. కొత్త సీరమ్ ఎవరూ చేయలేదు. పేపరు వెళ్లలేదు.